చనిపోయిన రాణికి వన్స్ మోర్

ఆటోనగర్ వెనక మూతపడ్డ నాటకాల హాలుకి చెడ్డ పేరుంది. చీకటి పడితే ఆ గోడ పక్కన లారీ కూడా ఆపరు. ఎప్పుడో ఒకావిడ స్టేజీ మీదే ప్రాణం వదిలిందట... అప్పట్నుంచీ ఖాళీ కుర్చీల్లోంచి ఎవరో "వన్స్ మోర్" అంటారట. దెయ్యానికి కూడా నాటకాల పిచ్చి! నేనైతే నమ్మలేదు. ఇది మాత్రం కెమెరా కరిముల్లా నాతో స్వయంగా చెప్పిన సంగతి.

పద్యనాటకాలు చూసినవాళ్ళకి తెలుసు — పద్యం నచ్చిందంటే మనవాళ్ళు చచ్చినవాళ్ళని కూడా వదలరు. "వన్స్ మోర్" అని అరిస్తే శవం లేవాలి, మళ్ళీ పాడాలి, మళ్ళీ చావాలి.

పామర్రు మెహరాజ్ గారు అలా జీవితమంతా చచ్చి లేచిన మనిషి. ఇప్పుడావిడ గొంతులో పుండు. వచ్చేవారం ఆపరేషన్. తర్వాత మాటే రాకపోవచ్చన్నారు డాక్టర్లు. ఈలోగా, విషం తాగిన రాణి చనిపోతూ పాడే పద్యం ఒక్కటి వీడియో తీయించుకోవాలని ఆవిడ ఆశ. పగలంతా ఆటోనగర్లో సుత్తుల మోత. అందుకే రాత్రి పెట్టుకున్నారు.

హాల్లో ఉన్నది ముగ్గురే. స్టేజీ మీద ఆవిడ, పక్కన హార్మోనియంతో ఇశ్రాయేలు, కింద కరిముల్లా. ఎన్నిసార్లు తీశారో! ఒకసారి దగ్గొచ్చింది, ఒకసారి బయట హారన్ మోగింది. అందరికీ ఒళ్ళు పులిసిపోయింది.

చివరికి కుదిరింది. ఆవిడ పాడింది... ఒరిగింది... కళ్ళు మూసుకుంది.

కరిముల్లా ఇంకా కెమెరా ఆపలేదు. అప్పుడు —

"వన్స్ మోర్!"

బొంగురు గొంతు. మగవాడి గొంతులా ఉంది. హాలంతా తిరిగి, వెనక వరసల్లోంచి వచ్చినట్టుంది.

"యేసయ్యా..." ఇశ్రాయేలు వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే బిగుసుకుపోయాయి.

శవం లేచింది.

"వద్దమ్మా... ఉన్న గొంతు కూడా పోద్ది," అన్నాడు కరిముల్లా. ఆవిడ వినలేదు. పాడింది. ఆ రాత్రి అంతకుముందు పాడినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. చివరి పాదంలో గొంతు చీరుకుపోయింది. అయినా పూర్తిచేసే ఒరిగింది.

కరిముల్లా సెల్లు లైటు పట్టుకుని వరసలన్నీ వెతికాడు. కుర్చీల మీద దుమ్ము చెదరలేదు. తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. తిరిగొచ్చి, తీసింది వెనక్కి తిప్పి చూశాడు.

క్లోజప్‌లో చనిపోయిన రాణి ముఖం. కళ్ళు మూసే ఉన్నాయి... పెదాలు కదిలాయి.

"వన్స్ మోర్!"

కరిముల్లా మెల్లగా తలెత్తాడు.

"అమ్మా... అరిచింది మీరేనా?"

మెహరాజ్ గారు లేచి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెగల్లేదు. గుసగుసగానే అంది.

"ఏం చెయ్యమంటావు నాయనా... ఇన్నేళ్ళలో ఎవరూ వన్స్ మోర్ అడక్కుండా నేనెప్పుడూ చచ్చిపోలేదు."