ఫోను ఆగిపోయే చోటు

ఐసు ఫ్యాక్టరీ స్టాపులో ఎవరూ కూర్చోరు. ఎండకి మాడినా, వానకి తడిసినా రోడ్డు అంచునే నిలబడతారు. రేకుల కప్పు కింద, ఫ్యాక్టరీ గోడకి ఆనించి వేసిన ఇనప బెంచీ జోలికి మాత్రం వెళ్ళరు.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. ఏ కథా ఇంకో కథతో కలవదు. ఒక్క మాట మాత్రం ఆమధ్య అందరి నోటా వినిపించేది — అక్కడ కూర్చుంటే వెనకనుంచి ఎవరో వీపు మీద చల్లటి అరచెయ్యి పెట్టినట్టు ఉంటుందని.

ఫ్యాక్టరీ మూతబడి ఏడేళ్ళు. లోపల మనిషి లేడు, దీపం లేదు. మరి ఆ చెయ్యి ఎవరిది?

మా పిన్ని మాత్రం అక్కడే కూర్చునేది. ఆవిడ నర్సు. ఇదంతా నాకు చెప్పింది ఆవిడే. గోరంతని కొండంత చేసే మనిషి కాదు మా పిన్ని. ఎదురుగా కొండ ఉన్నా గోరంతే అంటుంది. "పన్నెండు గంటలు వార్డులో నిలబడ్డ కాళ్ళురా ఇవి. బెంచీ దొరికితే చాలు, పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునే ఓపిక కూడా ఉండదు" అనేది.

రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగేది. బస్సు ఎనిమిదిన్నరకి. ఆ అరగంటా హ్యాండ్‌బ్యాగుని వీపుకీ గోడకీ మధ్య దిండులా పెట్టుకుని కళ్ళు మూసుకునేది.

ఒకరోజు బస్సెక్కి టైమెంతయిందో చూద్దామని బ్యాగులోంచి ఫోను తీస్తే, అది చచ్చి ఉంది. డ్యూటీ దిగేటప్పుడు అరవై శాతం ఛార్జింగ్ ఉంది, తనే చూసింది. ఇంటికెళ్ళి ఛార్జరు పెడితే ఏమీ ఎరగనట్టు వెలిగింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాత రెండు రోజులు బాగానే ఉండి, మూడోనాడు మళ్ళీ...

ఇంకొకరైతే పాత ఫోనేలే అని వదిలేసేవాళ్ళు. పిన్నికి అలా వీల్లేదు. బాబాయికి గుండె ఆపరేషన్ అయి రెండు నెలలే అయింది. ఆవిడ వచ్చేదాకా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఏ కాస్త తేడాగా అనిపించినా ఫోన్ చెయ్యాలని ఆయనకి ఆవిడ చెప్పింది. చేస్తే చేతిలో పని వదిలేసి ఎత్తాలని ఆవిడకి ఆయన చెప్పాడు. ఆ ధైర్యంతోనే ఇద్దరూ రోజులు నెట్టుకొస్తున్నారు.

అయిదోసారి ఫోను ఆగిపోయిన రాత్రి పిన్ని ఇంటికి వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. బాబాయి గుమ్మంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. చేతిలో ఫోను. పదకొండుసార్లు చేశాడట.

"నువ్వొచ్చేదాకా ఉంటానో లేదో అనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా.

పిన్ని గబుక్కున పక్కన కూర్చుందట. చెయ్యి పట్టుకుని నాడి చూసింది. గుండె కాదు, కుట్ల దగ్గర కండరం పట్టేసింది, అంతే. కానీ ఆ రాత్రి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఫోను రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ నిదానం అంటారు. ఏం అడిగినా "నిదానం, నిదానం" అనడం అలవాటు. చేతివేగమూ అంతే — మేకు దిగ్గొట్టే లోపు మేడ కట్టేయొచ్చని ఎగతాళి చేసేవాళ్ళు.

ఆయన ముందు ఫోన్ని ఆపి మళ్ళీ వెలిగించాడు. అక్కర్లేని యాప్‌లు తీసేశాడు, అప్‌డేట్ పెట్టాడు. పవర్ బటన్ ఇరుక్కుందేమోనని కవరు తీసి నొక్కి చూశాడు. ఛార్జరు పెట్టే చోట దుమ్ము ఊదాడు. వెనక మూత తీసి నీటి చెమ్మ తగిలిందేమో చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. వీడియో నడుస్తూ ఉండగా బల్ల మీద మూడు గంటలు ఉంచాడు. ఫోను కదలక మెదలక పనిచేస్తూనే ఉంది.

అప్పుడు అడిగాడట, ఇది ఆగిపోయిన ప్రతిసారీ మీరు ఎక్కడున్నారో గుర్తుందా అమ్మా, అని.

పిన్ని లెక్కేసుకుంది. ఒకటి... రెండు... అయిదూ అక్కడే. బాగున్న రెండు రోజులూ తను ఆ స్టాపులో కూర్చోలేదు. డాక్టరమ్మ కారులో ఇంటి దగ్గర దింపింది.

ఐసు ఫ్యాక్టరీ స్టాపు అనగానే నిదానం చేతిలో స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది. ఫోన్ని ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి, పక్కన కూల్‌డ్రింకుల షాపువాణ్ణి అడిగి ఫ్రిజ్‌లో పెట్టొచ్చాడు. ఇరవై నిమిషాల తర్వాత తీశారు.

చచ్చి ఉంది.

బ్యాటరీ పాతబడితే చలికి ఓర్చుకోలేదని చెప్పాడు. అరవై శాతం చూపిస్తూనే చతికిలబడుతుంది, మళ్ళీ వెచ్చబడితే లేచి కూర్చుంటుంది. కొత్త బ్యాటరీ వేస్తే సరి. తెప్పించడానికి రెండు రోజులు.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా అనుకుంటూ మెట్టు దిగబోతోంది.

"కానీ అమ్మా..." అన్నాడు నిదానం. "మూతబడిన ఫ్యాక్టరీకి అంత చలి ఎక్కడిది?"

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్ళారు. రోడ్డు అంచున నలుగురు బస్సు కోసం నిలబడి ఉన్నారు. వీళ్ళు తిన్నగా కప్పు కిందకి వెళ్ళడం చూసి ఇంకాస్త దూరం జరిగారు.

గోడ అంతా పగటి ఎండకి ఇంకా వెచ్చగానే ఉంది. బెంచీ వెనక మాత్రం, రెండు చేతుల వెడల్పున, ముట్టుకుంటే జివ్వుమంది. సున్నం మీద నీటి బొట్లు. ఆ చెమ్మ మీద చెయ్యి పెట్టి చూస్తుంటే పిన్నికి అరచేతిలో ఏదో అదురు తెలిసింది. గోడకి చెవి ఆనించింది.

టక్... టక్... టక్.

ముందు తన గుండే అనుకుంది. కానీ గుండె అంత నింపాదిగా కొట్టుకోదు.

నిదానానికి సైగ చేసింది. ఆయనా చెవి పెట్టాడు. కాసేపటికి జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, దాని పిడితో గోడ మీద మెల్లగా మూడుసార్లు కొట్టాడు.

లోపల చప్పుడు ఆగిపోయింది.

లారీ ఒకటి వెళ్ళింది. మళ్ళీ నిశ్శబ్దం.

తర్వాత... లోపల్నుంచి మూడు దెబ్బలు. ఈసారి సరిగ్గా ఆయన చేతికి ఎదురుగా.

పారిపోదామనే అనిపించిందట పిన్నికి. కాళ్ళు వెనక్కి వేసింది కూడా. అప్పుడు గుమ్మంలో కూర్చున్న బాబాయి మొహం కళ్ళ ముందు మెదిలింది. బతికున్నవాళ్ళు కూడా ఇలాగే పిలుస్తారు కదా, అనుకుంది.

నిదానం తన ఫోనులోంచి పోలీసులకి చెప్పాడు. వాళ్ళు వచ్చేదాకా ఆగలేదు. వెనక సందులోకి పరిగెత్తారు. ఆయన పరిగెత్తగా చూడటం పిన్నికి అదే మొదటిసారి. ముందు గేటుకి తుప్పు తాళం ఉంది కానీ, వెనక చిన్న తలుపుకి కొత్త తాళం తళతళలాడుతోంది. లోపల ఎక్కడో మోటారు సన్నగా మూలుగుతోంది. నిదానం తాళం జోలికి వెళ్ళలేదు. గొళ్ళెం బిగించిన స్క్రూలే ఒక్కొక్కటీ విప్పాడు. నాలుగు స్క్రూలు. నిమిషం పట్టలేదు.

చీకటి వరండా దాటితే శీతల గది. దాని బరువైన తలుపు ఇద్దరూ కలిసి లాగారు.

నిదానం ఫోను టార్చి వెలుగులో చేపల పెట్టెల వరసలు. వాటి మధ్య, తలుపుకి దూరంగా, గోడ వారన ఒకే ఒక్క మనిషి ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

ఊపిరి ఉంది.

పిన్ని బ్యాగులోని కత్తెరతో అతని తడి చొక్కా కత్తిరించి తీసేసింది. డ్యూటీకని బ్యాగులో ఉంచుకునే స్వెట్టర్నీ, నిదానం చొక్కానీ అతని ఛాతీకి చుట్టింది. అంబులెన్సు వచ్చేదాకా చెవిలో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, నిద్రపోనియ్యకుండా.

తర్వాత సంగతులన్నీ పోలీసులు తేల్చారు. ఎవరో చేపల వ్యాపారి దొంగ కరెంటు లాగి, ఆ ఒక్క గదినీ రహస్యంగా నడుపుతున్నాడు. గోడలో ఒకచోట లోపలి పొర ఊడిపోయి చలి బయటికి పాకింది. అదే జనం వీపుల మీద చల్లటి చెయ్యి. ఆరోజు పొద్దున పెట్టెలు దించిన హమాలీ ఇంకా లోపలే ఉన్నాడని చూడకుండా, వ్యాపారి తలుపు మూసి వెళ్ళిపోయాడు. లోపలి పిడి విరిగి ఉంది. గడ్డకట్టించే చలి కాదు కానీ, మనిషిని నెమ్మదిగా ఆర్పేసే చలి. హమాలీ జేబులో ఫోను ఉంది. పాపం, అదీ పిన్ని ఫోనులాగే — ఇంట్లోవాళ్ళ నెంబరు నొక్కే లోపు ఆగిపోయింది.

వారం తర్వాత పిన్ని అతన్ని చూడ్డానికి వార్డుకి వెళ్ళింది. మొహంలో కళ వచ్చింది. రెండు చేతులకీ కట్లు. భార్య స్పూనుతో పాలు పట్టిస్తోంది. పిన్నిని చూడగానే అతను లేవబోయాడు. ఆవిడే ఆపి కూర్చోబెట్టింది.

నువ్వు అంత ఓపిగ్గా గోడ తట్టబట్టే మాకు తెలిసింది, అని చెప్పింది.

అతను భార్య వైపు చూశాడు. పాల గిన్నె పక్కన పెట్టమన్నాడు.

"నేను తట్టలేదక్కా. మధ్యాహ్నానికే నా చేతులు కొయ్యబారిపోయాయి, వేలు కూడా కదల్లేదు," అన్నాడు. "తట్టింది ఆ పెద్దాయన. నేను కన్ను మూసినప్పుడల్లా లేపుతూ, పొద్దుపోయేదాకా ఆయనే తట్టాడు."

గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయన్ని ఏ వార్డులో పెట్టారు?"