ముల్లు నలభై దాటాలి

2079 నాటికి భీమిలి తీరంలో జరిగే కళోత్సవానికి వెళ్లాలంటే ముంజేతికి పట్టీ కట్టించుకోవాల్సిందే. పాడేవాడికైనా, వినేవాడికైనా, మరమరాలతో మురీ మిక్చర్ కలిపి అమ్మేవాడికైనా పట్టీ లేనిదే గేటు తెరుచుకోదు. పట్టీ నాడి చూస్తుంది, చర్మం మీది చెమ్మ చూస్తుంది. స్తంభాల మీది కెమెరాలు కనుపాపల్ని చూస్తాయి. ఈ మూడూ కలిపి, ఎదురుగా జరుగుతున్నదాన్ని మనిషి నిజంగా పట్టించుకుంటున్నాడా లేదా అని సున్నా నుంచి వంద దాకా ఒక అంకె వేస్తారు. భయం, కంగారు, ఆకలి లాంటివాటిని ముందే వడగట్టి పారేస్తారు. దీనికి కాగితాల్లో పేరు శ్రద్ధామాపకం. ప్రతి వేదిక నెత్తినా పెద్ద డయల్ మీద ఎర్ర ముల్లు ఊగుతూ ఉంటుంది కాబట్టి జనం దాన్ని ముల్లు అనే పిలిచేవారు.

ముల్లు నలభై కిందికి దిగి మూడు నిమిషాలు అక్కడే ఉంటే మైకు ఆగిపోయి తెర పడిపోతుంది. ఎంతటి విద్వాంసులైనా, రాగం సగంలో ఉన్నా, నోరు మూసుకుని దిగాల్సిందే. ఈ కథ జరిగిన రోజు ఉదయమే ఒక వయొలిన్ విద్వాంసురాలిని ఆలాపన మధ్యలో దింపేశారు. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూడ్డానికి జనం పోగయ్యారు. వాయిస్తున్నంతసేపూ రానివాళ్లంతా అప్పుడు వచ్చారు.

ఈ దిక్కుమాలిన యంత్రాన్ని ఎవరో పాటల వ్యాపారి చేశాడనుకుంటే పొరపాటు. చేసింది విశాఖలోని ఇద్దరు భౌతికశాస్త్ర ఆచార్యులు, హైమావతి, సన్యాసిరావు. ఎమ్మెస్సీలో ఒకే బెంచీ. తర్వాత ఇరవై ఆరేళ్లుగా ఒకే ప్రయోగశాల. పాఠం వింటున్నవాళ్లు ఏ మాట దగ్గర తప్పిపోతున్నారో తెలిస్తే అక్కడ ఆగి మళ్లీ చెప్పొచ్చు కదా అనుకుని చేశారు పాపం. ఉత్సవం వాళ్లు దాన్ని పట్టుకెళ్లి కళాకారుల మెడ మీద కత్తిలా వేలాడదీశారు.

ఆ ఉత్సవంలోనే భౌతికశాస్త్రానికి కూడా ఒక వేదిక ఇప్పించింది హైమావతి. పాటలు వినడానికొచ్చిన పదివేలమందిలో పదిమందైనా శబ్దం అంటే ఏమిటో తెలుసుకుని వెళ్లాలని ఆమె ఆశ. మొదటి ఏడాది నాలుగు నిమిషాల్లో మూసేశారు. రెండో ఏడాది ఆరు నిమిషాల్లో. మూడోసారి కూడా మూతపడితే ఇక ఆ ఉత్సవంలో సైన్సుకు చోటే ఉండదని రాతపూర్వకంగా చెప్పేశారు. ఇరవై నిమిషాలు నిలబడితే చాలు, వేదిక శాశ్వతమవుతుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఇద్దరూ వేదికెక్కారు. అటొకటి ఇటొకటి రెండు స్పీకర్లు. రెండింట్లోంచీ ఒకే శ్రుతి వస్తుంది. ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండోది వెనక్కి లాగే చోట్లు మైదానంలో అక్కడక్కడా ఉంటాయి. అక్కడ నిలబడితే రెండు శబ్దాలూ కలిసి దాదాపు నిశ్శబ్దమైపోతాయి. హైమావతి దీన్నంతా చక్కగా, నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది.

"ఏటి మేడమ్, హాజరు ఏస్తారేటి?" అన్నాడు ముందువరసలో ఎర్ర చొక్కా ఆయన. జనం గొల్లుమన్నారు. ఎవరో విసిరిన మురీ పొట్లం స్పీకరు మీద చిట్లింది.

"ముప్పై ఆరు," అంది ఆమె చెవిలోని పరికరంలోంచి శ్రద్ధామాపకం గొంతు. "రెండు నిమిషాల నలభై సెకన్లు ఉన్నాయి, డాక్టర్ గారూ."

ఆ కంగారులో సన్యాసిరావు, ఆమె సైగ చేయకముందే మీట నొక్కేశాడు. స్పీకర్లు రెండూ బుయ్యిమన్నాయి. హైమావతికి ఒళ్లు మండింది.

"నేను చెప్పకుండా ఎందుకు నొక్కావు? ఇరవై ఆరేళ్లుగా ఇదే తంతు."

"మైకులో తిడతావేంటి? జనం వింటున్నారు."

నిజంగానే వింటున్నారు. వెళ్లిపోతున్నవాళ్లు వెనక్కి తిరిగారు. ముల్లు యాభై రెండుకు లేచింది. ఇద్దరూ డయల్ వైపు చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సన్యాసిరావు కన్ను గీటాడు.

"అసలు నీతో వచ్చిన తంటా ఇదే," అని గొంతు పెంచాడు. "నేను ముందుకు నెడితే నువ్వు వెనక్కి లాగుతావు. అందుకే మన ల్యాబులో ఒక్క పనీ తెమలదు. అదుగో, ఆ ఎర్ర చొక్కా బాబు ఉన్నచోట కూడా అదే జరుగుతోంది. ఈ స్పీకరు నెట్టినదాన్ని ఆ స్పీకరు లాగేస్తోంది. ఆయనకు ఏమీ వినపడదు, కావాలంటే అడుగు."

ఎర్ర చొక్కా ఆయన తల అటూ ఇటూ జరిపి చూశాడు. "ఔను. ఇక్కడ లేదు. ఇటొస్తే ఉంది."

జనం చెవులు రిక్కించి, అడుగు అటూ ఇటూ వేస్తూ నిశ్శబ్దాన్ని వెతుక్కోసాగారు. ముల్లు డెబ్బై. మూడేళ్లలో మొదటిసారి ఆ మైదానంలో జనం భౌతికశాస్త్రం చేస్తున్నారు. హైమావతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఊపులో ఇద్దరూ మరో నాలుగు నిమిషాలు కీచులాడారు.

అంతలో ఎవరో అరిచారు. "ఉత్తుత్తిదేరా. ఇద్దరూ కూడబలుక్కున్నారు."

"ఇది నటన అని ప్రేక్షకులు గుర్తించారు," అంది గొంతు. "నలభై ఏడు. నలభై నాలుగు."

హైమావతి మైకు రెండు చేతులా పట్టుకుంది. "సరే, నిజమైనదే అడుగుతాను. ఈ ముల్లు పని చేసేది వడపోత వల్ల. కంగారును, ఆకలిని విడదీసే ఆ లెక్క ఆరు నెలలు కూర్చుని కట్టింది నేను. పన్నెండేళ్ల కిందట దీనికి వచ్చిన పురస్కారం పత్రంలో నా పేరెందుకు లేదు?"

సన్యాసిరావు మొహంలో నవ్వు పోయింది. "హైమా, అది వద్దు."

"అరవై ఎనిమిది," అంది గొంతు.

"ఆఫీసువాళ్లు మర్చిపోయారన్నావు. నిజమేనా?"

కోపం వచ్చినా, సిగ్గు వచ్చినా ఆయనకు చిన్నప్పటి యాస బయటపడుతుంది. "కాదు. నీ పేరు నానే కొట్టేసేను. రెండు పేర్లుంటే నాకు శాఖాధిపతి పదవి ఇయ్యరేమోనని భయమేసింది."

ఎనభై ఎనిమిది. ఈలలు. ఆయన స్పీకరు పెట్టె పక్కన కుర్చీలో కూలబడ్డాడు. పన్నెండేళ్లుగా మనసులో నలుగుతున్న అనుమానం తీరినందుకు ఆమెకు సంతోషం కలగలేదు. అయినా నిలదొక్కుకుని మళ్లీ తరంగాల దగ్గరికి వచ్చింది. వాటి పొడవెంతో, నిశ్శబ్దపు చోట్లు ఎంతెంత దూరంలో వస్తాయో చెప్పబోయింది. జనానికి అది అక్కర్లేదు. ముల్లు జర్రున జారి నలభై కిందే ఉండిపోయింది.

"ముప్పై ఎనిమిది. పదకొండో నిమిషం. ముప్పై ఐదు. డాక్టర్ గారూ, ఒక్క నిమిషమే ఉంది."

"చాలు హైమా," అన్నాడు సన్యాసిరావు. "దిగిపోదాం. ఇంటికెళ్లి నన్ను ఎన్నైనా తిట్టు."

ఆమె ఆయన వైపు చూసింది, డయల్ వైపు చూసింది. తర్వాత జనంకేసి తిరిగి, "మీ అందరికీ నిశ్శబ్దం ఎక్కడుందో దొరికింది," అంది. "ధ్వనిశాస్త్రం చెప్పే మా శాఖాధిపతికి మాత్రం దొరకదు. ఎందుకంటే ఆయనకు చెవుడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. మూడేళ్లుగా దాస్తున్నాడు. పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు."

మైదానం ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఆ వెంటనే విరగబడి నవ్వింది. "మేస్టారో, ఇటు సూడండి," అని ఎవరో ఎడమవైపు నుంచి పిలిచారు. ఆయన తిరగలేదు. మళ్లీ నవ్వు. ముల్లు తొంభై ఒకటి దగ్గర నిలబడింది.

ఆ వేడి చల్లారకముందే హైమావతి పాఠం అందుకుంది. తొమ్మిది నిమిషాల పాటు తడుముకోకుండా చెప్పింది. సన్యాసిరావు దిగిపోలేదు. ఆమె పెదవులనే చూస్తూ, ఎక్కడ కావాలో అక్కడ సరిగ్గా మీటలు నొక్కుతూ కూర్చున్నాడు. ఇరవయ్యో నిమిషం పూర్తయ్యేసరికి డయల్ పచ్చగా వెలిగింది. ఆయన లేచి వైర్లు చుట్టి పెట్టి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆ సంగతి మా ఇంట్లో కూడా తెలీదు. నీకొక్కదానికే చెప్పాను."

ఆమె ఏదో అనబోయింది గానీ, ఆయన అప్పటికే తల తిప్పేసుకున్నాడు. అటు తిరిగితే ఆయనకు వినపడదు. మెట్లు దిగి ఇసుకలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తెర వెనక హైమావతి ఒక్కతే మిగిలింది. ఎవరికోసం చేసిందో ఆ జనానికి ఏమైనా అందిందని తెలిస్తే తప్ప అక్కణ్నుంచి వెళ్లకూడదనిపించింది.

"పాఠం ఎంతవరకు చేరింది?" అని అడిగింది.

"తరంగాల వివరణ తొమ్మిది నిమిషాలు," అంది శ్రద్ధామాపకం. "ప్రేక్షకుల సగటు డెబ్బై నాలుగు."

డెబ్బై నాలుగంటే మాటలు కాదు. విన్నారన్నమాట. ఆమె కళ్లు తుడుచుకుంది.

"వేదిక మీదివాళ్ల పట్టీల లెక్క కూడా ఉంది. చదవమంటారా?"

"చదువు."

"ఆ తొమ్మిది నిమిషాల్లో సన్యాసిరావు గారిది ఎనభై మూడు. మీది ఇరవై ఆరు."

"నేను చెప్పేది నేనే పట్టించుకోకపోవడమేంటి? కంగారు వల్ల అయ్యుంటుంది."

"కంగారు తీసేశాకే అంకె వస్తుంది, డాక్టర్ గారూ."

అడగకుండా ఉండాల్సింది. ఉండలేకపోయింది. "ఆయన చెవి సంగతి చెప్పినప్పుడు?"

"ప్రేక్షకులది తొంభై ఒకటి. మీది వంద. ఈ ఉత్సవంలో వంద రావడం ఇదే మొదటిసారి. అభినందనలు."

హైమావతి చెవిలోని పరికరం పీకి బల్ల మీద పడేసి బయటికి వచ్చింది. వేదిక వెనక టీ కొట్టు దగ్గర ఎర్ర చొక్కా ఆయన ఆమెను చూడగానే గ్లాసు పక్కన పెట్టి నమస్కారం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా దారిచ్చారు. మూడేళ్లలో ఆ మైదానంలో ఆమెకు దక్కిన మొదటి మర్యాద అదే.

"బాగా సెప్పేరు మేడమ్. శబ్దం సంగతి ఇయాలే బోధపడింది," అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "పై యేడు ఎవర్ని తెస్తారు?" అని అడిగాడు.

చెంప పగలగొట్టేటంత కోపం రావాల్సింది. కోపం కోసం ఆమె ఒక క్షణం వెతుక్కుంది కూడా. కానీ ఈలోపే ఇద్దరి పేర్లు మనసులో మెదిలాయి. ఇద్దరూ ఆమెను నమ్మి ఏదో ఒకటి చెప్పుకున్నవాళ్లే.