దూది మీద నలుపు

“నా నెయిల్ పాలిష్ రిమూవర్ మళ్ళీ తీశావు కదమ్మా?”

“కొంచెమే.”

“నిన్నా కొంచెమే అన్నావు. సీసా అడుగంటింది. గోళ్ళకి రంగే వేసుకోవు, నీకెందుకది?”

కూతురు హాల్లో. తను వంటింట్లో, గడియ వేసుకుని.

చేతిలో రిమూవర్‌తో తడిపిన దూది. పళ్ళెంలో గోరంత చిప్.

యుద్ధనౌక రాడార్‌లో కూర్చోవాల్సిన చిప్.

రుద్దుతుంది... దూది నల్లబడుతుంది. పైనున్న నంబరు చెరిగిపోతుంది.

కింద ఇంకో నంబరు!

పాతది. పారేసిన ఏ మెషీన్‌లోంచో పీకి, రంగు పూసి, కొత్తదని అమ్మారు.

కొత్తవి చేసే ఫ్యాక్టరీ సముద్రాల అవతల ఉంది. చాన్నాళ్ళుగా పంపడం లేదు. ఇక్కడ చేయడం ఎవరికీ చేతకాదు. నేవీ మాత్రం ఆగనంటోంది. అందరూ చేతులెత్తేసిన చోట మరిది ఒక్కడే సరుకు తెచ్చాడు. రాడార్ కంపెనీలో ఆ సరుకు పరీక్షించేది తనే.

రేపు సంతకం పెడితే, అవి నౌకలెక్కుతాయి.

వీధిలో బైక్ ఆగుతుంది. ఆఫీసు నుంచి తన బస్సు వెనకే వచ్చిన బైక్...

కాసేపటికి వంటింటి తలుపు దడదడలాడుతుంది.

“వదినా, నేనే. ఒకటి బ్యాగులో వేసుకొచ్చారట. ఇచ్చేయండి.”

మరిది.

“నడి సముద్రంలో రాడార్ గుడ్డిదైపోతే?”

“ఇప్పుడు యుద్ధమెక్కడుంది వదినా? వచ్చినప్పుడు చూసుకుందాం.”

“నౌకలో ఉన్నవాళ్ళు చూసుకుంటారా?”

భుజంతో ఒక్క గుద్దు. గడియ మేకు కదులుతుంది.

“ఏమండీ... మీ తమ్ముణ్ణి ఆపండి.”

తలుపు అవతల భర్త దగ్గు. తర్వాత మెల్లగా, బతిమాలినట్టు...

“ఇచ్చెయ్యవే. వాటికి రంగు వేయించింది నేనే.”

ఆమె చెయ్యి దూది మీదే ఆగిపోతుంది.

ఇన్నేళ్ళ కాపురం. పక్కన పడుకున్న మనిషి.

అవతల ముగ్గురు. ఇవతల తనొక్కతే. సింక్‌లో నీటిచుక్క పడే చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది.

ఫోను తీస్తుంది. గొంతు తగ్గించి మాట్లాడుతుంది. పేర్లు చెప్పేటప్పుడు రెండో పేరు దగ్గర ఆగి, చెప్పేస్తుంది.

అప్పుడు తనే గడియ తీస్తుంది.

మరిది చెయ్యి చాస్తాడు. భర్త తలెత్తడు. కూతురు ముగ్గురినీ మార్చి మార్చి చూస్తుంది.

“సరుకు మొత్తం ఆపించాను,” అంటుంది మామూలుగా. “వీళ్ళిద్దరి పేర్లూ చెప్పాను. నేవీవాళ్ళు బయల్దేరారు.”

కూతురి వైపు తిరుగుతుంది.

“వెళ్ళమ్మా, మీ నాన్న బనీనుతో ఉన్నారు. చొక్కా తెచ్చివ్వు.”