సైదావలి తీసిన మొదటి నిమిషం

గవర్నర్‌పేటలో ఓ మేడ మీద దత్తాత్రేయ వీడియో మిక్సింగ్ గది. తొంభై ఏడులో పెళ్ళి క్యాసెట్లకి టైటిళ్ళు వేయించుకోవడానికి గుడివాడ నుంచి కూడా అతని దగ్గరికే వచ్చేవారు. పదిహేనేళ్ళుగా ఊరివాళ్ళ పెళ్ళిళ్ళు అతికిస్తూ బతికిన మనిషికి సొంతంగా ఓ సినిమా తీయాలని కోరిక. ఫిల్మ్ సొసైటీ వాళ్ళు పది నిమిషాల చిత్రాలకి పోటీ పెట్టగానే తీశాడు. అతని దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్న సైదావలి కూడా తీశాడు.

పోటీకి వారం ముందు, న్యాయనిర్ణేత త్రిపురసుందరిగారు పోటీదారులందరి ముందూ ఒక్కొక్క చిత్రం మొదలు మాత్రం వేయించుకుని చూశారు. రిటైరైన లెక్చరర్ ఆవిడ. దత్తాత్రేయ చిత్రం బ్యారేజీ మీద సూర్యోదయంతో మొదలైంది. వెనకాల గంభీరమైన గొంతు కృష్ణమ్మ గొప్పతనం చెప్పి, హీరో ఊరూ పేరూ చెప్పింది. ఎవరో దగ్గారు. ఎవరో కిళ్ళీ పొట్లం విప్పారు.

తర్వాత సైదావలిది. బందరు కాలువ రేవు. మాట లేదు, పాట లేదు. ఒకావిడ అటు తిరిగి మెట్టు మీద కూర్చుని తడిచీర పిండుతోంది. ఎంత పిండినా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నిమిషం గడిచాక ఆవిడ మెడ నెమ్మదిగా ఇటు తిరగబోయింది... అంతే, సినిమా పేరు పడింది. గదిలో ఒక్కరూ కదల్లేదు.

"మీరు మొదటి నిమిషంలోనే అన్నీ చెప్పేశారు, దత్తాత్రేయగారూ," అన్నారు త్రిపురసుందరిగారు. "ఆ అబ్బాయి ఏమీ చెప్పలేదు. ఇక ఆవిడ మొహం చూడకుండా నేను లేచి వెళ్ళలేనండీ."

దత్తాత్రేయ నవ్వుతూ సైదావలి భుజం తట్టాడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. లైటింగు నేర్పింది తను. ఫ్రేము పెట్టడం నేర్పింది తను. వాడి ముందు తను పెళ్ళిళ్ళవాడిగానే మిగిలాడు.

మర్నాడు చివర్లో వచ్చే పేర్లు వేయించుకోవడానికి సైదావలి టేపు తెచ్చాడు.

"రేవులో ఆవిడెవరు సైదా?"

"తెలీదు గురువుగారూ. ఖాళీ రేవు తీద్దామని కెమెరా పెట్టాను. కంటితో చూస్తే ఎవరూ లేరు. కెమెరా ఫైండర్లో చూస్తే ఉంది." గొంతు తగ్గించాడు. "తిరగబోతుంటే భయమేసి ఆపేశాను."

గొప్పలు చెప్పడం కూడా నేర్చాడనుకున్నాడు దత్తాత్రేయ. వాడు వెళ్ళాక తలుపేసి, టేపుని మొదటికి తిప్పి, ఆ నిమిషం మీద నలుపు రికార్డు చేసేశాడు. వేసి చూసుకున్నాడు. శుభ్రంగా నలుపు. కానీ గదిలో కాలువ నాచు వాసన వచ్చింది. ఎక్కడో బట్ట పిండుతున్న చప్పుడు... సౌండు పూర్తిగా తగ్గించి చూశాడు. చప్పుడు తగ్గలేదు. స్విచ్చి కట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. బొమ్మయితే పోయింది. అది చాలు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి హాల్లో సైదావలి చిత్రం వేశారు. తెర నల్లబడింది. జనం గోల చేస్తారని దత్తాత్రేయ కాచుకుని కూర్చున్నాడు.

ఎవరూ గోల చేయలేదు.

అందరూ ముందుకి వంగారు. ఖాళీ నలుపుని కళ్ళార్పకుండా చూస్తున్నారు. పక్కావిడ పమిట నోట్లో కుక్కుకుంది. త్రిపురసుందరిగారి వేళ్ళు కుర్చీ చేతుల్ని బిగించాయి. అతనికి మాత్రం నలుపే... వట్టి నలుపే.

చిత్రం అయ్యాక చప్పట్లు లేవు. సైదావలి వచ్చి చెవిలో అడిగాడు. "ఆ ముక్క ఎక్కడిది గురువుగారూ? నేను తీయలేదు."

"ఏ ముక్క?"

"ఆవిడ ఇటు తిరిగింది. మాట్లాడింది."

"ఏమంది?"

"‘అబ్బులూ, తలుపు తియ్యి’ అంది. అబ్బులు ఎవరు?"

దత్తాత్రేయ గభాల్న లేచాడు. చిన్నప్పుడు నాగాయలంకలో అతన్ని పిలిచిన పేరది. బెజవాడలో ఆ పేరు ఎవరికీ తెలీదు. కట్టుకున్న అనఘకి కూడా.

ఆటో పట్టుకుని పటమటలో ఇంటికొచ్చిపడ్డాడు. తలుపు కొడితే అనఘ నిద్రమొహంతో తీసింది. అతన్ని చూసి వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఎవరైనా వచ్చారా?"

"అదేంటండీ, మీరేగా ఎవరో ఆవిడని తీసుకొచ్చారు. మూడింటికి. నేను పడుకునున్నాను. తలుపు తీసి, ‘రండి, చూసుకుని, మెట్టుంది’ అన్నారు. మీ గొంతే."

"తర్వాత?"

"లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకున్నారు."

దత్తాత్రేయ వెళ్ళి గది తలుపు నెట్టాడు. కదల్లేదు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

వెనకనుంచి అనఘ మెల్లగా అడిగింది.

"మరి... మీరు బయటికి ఎప్పుడెళ్ళారండీ?"