గట్టిపొర కింద

నాగరత్న గుంతలో గొంతుక్కూర్చుని నాలుగో పొర మీద రంగుమందు ఒక్క చుక్క వేసింది. రెండు లెక్కపెట్టేలోపే మన్ను గులాబీ రంగుకు తిరిగింది. లేత గులాబీ కాదు, బీట్‌రూట్ తరిగిన చేతి రంగు. పక్కనే ఆమ్లం చుక్క వేస్తే బుస్సుమని పొంగింది.

"క్షారం తొమ్మిదికి పైన. సున్నం నిండుగా ఉంది. అడుగున్నర దగ్గర గట్టిపొర, గడ్డపారకు లొంగదు" అంది గొంతు పెంచకుండా.

ఆమె మెడలో వేలాడే యంత్రం, భూసాక్షి, ఆ మాటలు రాసుకుంది. "గుంత అడుగు చేరింది. దిన్నె రెండు వందల పదకొండు. మూత. వేలు పెట్టండి."

ఆమె వేలు పెట్టింది. పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది. గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఎవరూ ఏడవలేదు. మూటలు పొద్దున్నే కట్టుకున్నారు. సాయంత్రం లారీలు వచ్చి నీడపట్టు షెడ్లకు తీసుకుపోతాయి. అక్కడ గదికి ఎనిమిదిమంది. కాలికింద సిమెంటు తప్ప మన్నన్నది ఉండదు.

మన్ను చదివే చదువరులు తాము మూసిన దిన్నె వైపు వెనక్కి చూడకూడదని నియమమేమీ లేదు. నాగరత్న పెట్టుకున్న అలవాటది.

"అక్కా, ఇయ్యాల ఇంగొక్కటే" అన్నాడు బండి నడిపే ఈరన్న, సామాను సర్దుతూ. పన్నెండేళ్లుగా ఆమెతో తిరుగుతున్న మనిషి. "రెండువందల పన్నెండు, పెసరదిన్నె. నలభై ఇండ్లు. ఆడ ఉలిగమ్మని ఒక ముసలామె ఉండాది. నోరు జాస్తి."

"నాకు నోరుతో పనేముంది ఈరన్నా, మన్నుతో గదా."

"ఆ మాట ఆమె ముందర అనొద్దు. మన్ను నీ నోట్లో పెడతాది."

బండి కదిలింది. రెండు పక్కలా గాలిమన్ను పరుచుకుని ఉంది, జల్లెడ పట్టిన శనగపిండిలా మెత్తగా, లేత పసుపుగా. ఎండిపోయిన నదుల అడుగుల నుంచి గాలి అరవై ఏళ్లుగా ఎత్తుకొచ్చి పెన్న పాత ఒండ్రు మీద పోసిన మన్ను ఇది. పొడిగా ఉన్నప్పుడు కత్తితో కోస్తే గోడలా నిలబడుతుంది. నీళ్లు తగిలితే పైన మీగడ కట్టుకుని లోపలికి చుక్క దిగనివ్వదు. నాలుగు తడులకు ఏదీ మొలవని నల్లచౌడు అవుతుంది. అందుకే పై ఆనకట్టలో మిగిలిన కాస్త నీళ్లు ఏ దిన్నెకు ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో భూసాక్షి తేలుస్తుంది. తడివంతు దొరికిన దిన్నె బతుకుతుంది. దొరకనిదానికి మూత. ఈ విడత చదువులన్నీ ఈ సాయంత్రం అయిదింటికి ముగియాలి. ఆ తర్వాత మూడేళ్లదాకా తూములు ముట్టుకోరు.

పెసరదిన్నెలో జనం గుంత చుట్టూ నిలబడి ఉన్నారు. చదువరి వచ్చే ముందురోజు దిన్నెవాళ్లే గుంత తవ్వి ఉంచాలి. మనిషి లోతు లేదా గట్టిపొర, ఏది ముందు తగిలితే అంతవరకు. నాగరత్న సంచి భుజాన వేసుకుని గట్టు దగ్గరికి నడిచింది. లోపలికి చూసి ఆగిపోయింది.

గుంత నాలుగు గోడలూ అలికి ఉన్నాయి.

పొరలు లేవు. గీతలు లేవు. సున్నపు మచ్చ ఒక్కటి లేదు. నున్నటి బూడిదరంగు పూత, మీద వేళ్లు తిరిగిన అర్ధచంద్రాలు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. మూలలు కూడా వదల్లేదు. గట్టు అంచున సుద్దతో రెండు గీతలు లాగారు.

"నిన్న మాపటేళ ఆడోళ్లమంతా కూర్చోని అలికినామమ్మా" అంది ముందుకొచ్చిన ముసలామె. ఆమే ఉలిగమ్మ అని చెప్పనక్కరలేదు. మోచేతుల దాకా బూడిదమన్ను ఇంకా ఎండి ఉంది. "పెద్దమనిషి దిగే గుంత. గలీజుగా పెట్టి పిలిస్తే మాకు మర్యాదా?"

ఈరన్న తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "పెండ్లింటి గోడనుకున్నావా అవ్వా! ఇదెవరు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పాల్నా? ఇంటికి మనిషొస్తే ఊడ్చుకోమా?"

గుంత గోడను చదువరులు ముఖం అంటారు. చెదిరిన ముఖం అంటే మోసం. మోసానికి ఆ రోజే మూత. రెండో గుంతకు అవకాశం లేదు. పైగా షెడ్ల జాబితాలో ఆ దిన్నె పేర్లు అన్నిటికన్నా కిందికి పోతాయి. చోటు దొరికేదాకా గాలిలో కూర్చోవాలి. ఈ నియమం చదువరులందరికీ కంఠతా వచ్చు. దిన్నెవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు.

భూసాక్షి అడిగింది. "ముఖం సహజమేనా? అవును. కాదు."

"ఆగు" అంది నాగరత్న.

"జవాబుకు గంటా నలభై నిమిషాలు."

ఆమె గుంతలో దిగింది. అలికిన చోట గోటితో ఇంత గీరింది. అలవాటు చొప్పున రంగుమందు చుక్క వేసింది. రెండు లెక్కపెట్టింది. అయిదు. పది. రంగు మారలేదు.

మళ్లీ వేసింది. మారలేదు.

పైకొచ్చి తాగునీళ్ల సీసా తీసింది. స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి గోడ మీది పూత నుంచి ఉసిరికాయంత బెడ్డ వేసింది. ఈరన్న టిఫిన్ డబ్బా మూతలో నీళ్లు పోసి అంతే బెడ్డ గట్టు మీది గాలిమన్నుది వేసింది. రెండిటినీ కదపకుండా నేలమీద పెట్టి పక్కనే కూర్చుంది.

"ఏం చేస్తాంది?" అని ఎవరో గొణిగారు.

"తాగే నీళ్లు బురద చేస్తాంది" అంది ఉలిగమ్మ. "సదువుకున్నోళ్లు గదా."

పది నిమిషాలకు మూతలోని బెడ్డ ఆనవాలు లేకుండా కరిగింది. నీళ్లు పాలు ఎక్కువైన టీలా తయారై అలాగే ఉండిపోయాయి, ఎంతసేపు చూసినా తేరుకోలేదు. గ్లాసులోని బెడ్డ మెల్లగా ఒరిగి అడుక్కి చేరింది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. గ్లాసు అడుగున చెక్కిన పేరు కూడా కనబడుతోంది.

నాగరత్న ఉలిగమ్మ వైపు తిరిగింది. ఉద్యోగంలో చేరాక వదిలేసిన పుట్టింటి మాట నోట్లోకి వచ్చేసింది. "ఈ అలికిన మన్ను యాడిదవ్వా?"

"రాతిపొర కిందది. మా మామ బాయి తవ్వబోయి ఇడిసిపెట్టిన గుంత ఉండాది ఆ పక్క. పైమన్నుతో అలికితే ఒక్క తడికే జారిపోతాది. ఇదైతే కారదు. మా ఇండ్లన్నీ దీంతోనే."

"దాంట్లో మెరిసే పలుకులు ఉంటాయా?"

"కలకండ మాదిరి. పిల్లోళ్లు నోట్లో ఏసుకోని రుచి లేదని ఉమ్ముతారు."

"చూపించు."

పాత బావిగుంత ఇళ్లకు వెనక ఉంది. లోపలికి కొట్టిన మెట్లు ఇరుకు. నాగరత్న ఒక చేత్తో గోడ పట్టుకుని దిగింది. మొదట గాలిమన్ను. దాని కింద చెయ్యి పెడితే గీసుకుపోయే గట్టిపొర, సున్నం గుండ్లుగుండ్లుగా కట్టుకుని జానెడు మందం. పన్నెండేళ్లుగా ఆమె అడుగు అని చెప్పింది దీన్నే. ఇంకో రెండు మెట్లు దిగేసరికి మన్ను రంగు మారింది. నున్నటి గులకరాళ్లు. పెన్న ఇటుగా పారినప్పటి ఒండ్రు. అందులో సూదుల్లా, పలుకుల్లా జిప్సం. చేత్తో లాగితే గుప్పెడు వచ్చింది. రంగుమందు వేసింది. మన్ను మన్నులాగే ఉంది.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఈ మన్ను పైకెత్తి గాలిమన్నులో కలిపి, గట్టిపొరను బద్దలుకొట్టి నీళ్లు కడితే, క్షారం కిందికి దిగిపోతుంది. మొదటి ఏడు పచ్చిరొట్టకు జీలుగ. రెండో ఏడు కొర్ర. రోగి మంచం కిందే మందు ఉంది.

"రాసుకో" అంది భూసాక్షితో. "గట్టిపొర కింద ఒండ్రు. జిప్సం నాలుగు అడుగుల మందం."

"అడుగు దాటిన సంగతులకు చోటు లేదు. ముఖం సహజమేనా? అవును. కాదు. యాభై రెండు నిమిషాలు."

ఆమె మండల కార్యాలయానికి ఫోన్ కలిపింది. చదువరుల మీద పెత్తనం సుదర్శనం గారిది. సంగతంతా విని ఆయన తేలిగ్గా నవ్వారు.

"ఇంత ఆలోచించేదేముందమ్మా! 'అవును' అనెయ్యండి. భూసాక్షి సూది ఆ పూతలో గుచ్చుకుంటుంది, మన్ను బ్రహ్మాండంగా ఉందంటుంది, తడివంతు వస్తుంది. నలభై ఇళ్ల పుణ్యం మీకు."

"పైమన్ను బాగుచెయ్యకుండా నీళ్లు వదిలితే బిగుసుకుపోతుంది సార్. పైగా బాగున్న నేల అని తేలితే గట్టిపొర పగలగొట్టే యంత్రం ఇవ్వరు. ఏడాదికల్లా నల్లచౌడు. అప్పుడు వీళ్లకు షెడ్లలో కూడా చోటుండదు."

"అయితే 'కాదు' అనండి."

"అది మోసం కింద పోతుంది. వీళ్లు మోసం చెయ్యలేదు."

"రెండే జవాబులు, నాగరత్న గారూ. మూడోది మీరు కనిపెట్టలేరు. అయిదింటికి విడత ముగియాలి. మీ ఒక్క దిన్నె చీటీ కోసం తూములన్నీ ఆగవు."

ఫోన్ పెట్టేశాక ఆమె చేతిలోని పలుకుల వైపు చూసుకుంది. ఒక అంకె అప్పుడు కుదురుగా కూర్చుంది మనసులో. ముప్ఫై ఒకటి. పొద్దుటి దిన్నెతో కలిపి ఆమె వేలుతో మూసినవి ముప్ఫై ఒకటి. అన్నిటా గట్టిపొర దగ్గరే ఆగింది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకచోట ఈరన్న గడ్డపార జారి ఆ పొర పగిలింది. "అక్కా, ఏందో మెరుస్తాంది" అని పిలిచాడు. "అడుగు దాటావు, పూడ్చెయ్" అన్నది తనే. ఆ దిన్నె పేరు కూడా గుర్తుంది. అక్కడివాళ్లలో ఎంతమంది షెడ్లలో మిగిలారో తెలియదు.

మూడో జవాబు లేదని సుదర్శనం గారు అన్నది నిజం కాదు. ఉంది. చేరిన రోజు ప్రతి చదువరీ ఆ నియమం చదివి వేలుముద్ర వేస్తారు, ఆ తర్వాత మర్చిపోతారు. ఒప్పుకోలు. నా చదువు తప్పు అని చదువరి తనంతట తను చెబితే ఆ చదువరి చీటీలన్నీ చదవనివి అయిపోతాయి. మళ్లీ చదివేదాకా ఆ దిన్నెల జనం అక్కడే ఉండొచ్చు, వెళ్లిపోయినవాళ్లు తిరిగి రావచ్చు. సగం తడివంతు తప్పనిసరి. ఒప్పుకున్న చదువరి మాత్రం మళ్లీ గుంతలో దిగకూడదు. నీడపట్టులో ఇల్లు వెనక్కి ఇవ్వాలి. రెండు గదులు, తనదంటూ ఒక వంటిల్లు, పొద్దునా సాయంత్రం వచ్చే కుళాయి. ధూళి లేని గిన్నెలో అన్నం తినడానికి ఆమె పన్నెండేళ్లుగా అలవాటు పడింది. ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలుకు వేలు పెట్టలేదు. భూసాక్షి ఎప్పుడూ తప్పు చదవలేదని అందుకే అంటారు.

పైకొచ్చేసరికి ఉలిగమ్మ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఇందాకటి గొంతు లేదు. ఈరన్న చెప్పేసినట్టున్నాడు.

"అలకడమే తప్పంట గదమ్మా" అంది. "నేనే అందరినీ లేపి కూర్చోబెట్టింది. వాళ్లకేం తెలీదు. రాసేదుంటే నా ఒక్కదాని పేరు రాసుకో. ఇంటింటికీ పసిబిడ్డలుండారు."

"నీ పేరు నాకెందుకవ్వా" అంది నాగరత్న.

ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. గుంత దగ్గరికి వచ్చి సంచి దించి రంగుమందు, ఆమ్లం సీసాలు, కొలబద్ద తీసి గట్టు మీద వరసగా పెట్టింది. సీసాల మూతలు బిగించి చూసుకుంది.

"ఈరన్నా, బండి తీసుకోని రెండువందల పదకొండో దిన్నెకు పో. లారీలు వచ్చుంటాయి. ఎవర్నీ ఎక్కనీయొద్దు."

"నేను చెప్తే ఇంటారా అక్కా? మూత పడిపోయింది గదా."

"నువ్వు చేరేలోపల తీసేస్తాను."

ఈరన్న ఆమె ముఖంలోకి చూశాడు. గబగబా బండెక్కాడు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"ముఖం సహజమేనా?" అంది భూసాక్షి. "అవును. కాదు. తొమ్మిది నిమిషాలు."

"ఒప్పుకోలు" అంది నాగరత్న.

భూసాక్షి ఎప్పుడూ వెంటనే పలుకుతుంది. ఈసారి ఆలస్యమైంది.

"ఏ చీటీ?"

"అన్నీ."

"ముప్ఫై ఒక్క మూత చీటీలు. నలభై ఆరు తడివంతు చీటీలు. ఒక తెరిచిన చీటీ. కారణం చెప్పండి."

"గట్టిపొరను అడుగు అనుకున్నాను. దాని కింద చూడలేదు."

"వేలు పెట్టండి."

వేలికి అలికిన మన్ను అంటుకుని ఉంది. చీరకొంగుతో శుభ్రంగా తుడుచుకుని, ఒకసారి పరిశీలించి, పెట్టింది. ఎర్రదీపం, పచ్చదీపం రెండూ ఆరిపోయాయి. ఇన్నేళ్లుగా మెడను లాగే బరువును ఆమె తల మీదుగా తీసి సీసాల పక్కన పెట్టింది.

"ఇంతకీ మేం ఉండాల్నా, పోవాల్నా?" అంది ఉలిగమ్మ, విసుగూ భయమూ కలిసిన గొంతుతో.

"ఉండండి. సగం నీళ్లొస్తాయి. నాకూ ఒక చోటు చూపించాల, ఇల్లు పోయింది."

ముసలామె ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఉండేదైతే అలకడం రావాల. ఆ నాజూకు చేతులతో అయితాదా?"

అయిదైంది. విడత ముగిసినట్టు ఆనకట్ట మీద సైరను మోగాలి. జనమంతా ఉత్తరం వైపు చెవులు పెట్టి నిలబడ్డారు. మోగలేదు. డెబ్బై ఎనిమిది చీటీలు ఒక్కసారిగా చదవనివి అయితే తూములు ఎంత తెరవాలో భూసాక్షికి లెక్క తెగక విడత ఇంకా తెరిచే ఉంది. పావుగంట గడిచింది. నాగరత్న సొంత ఫోన్ మోగింది. సుదర్శనం గారు. తియ్యలేదు. మళ్లీ మోగింది. ఈసారి కొండ అవతలి మండలంలో చదివే పద్మజ. నాలుగేళ్ల కింద ఆమెకు పని నేర్పింది నాగరత్నే.

"రత్నక్కా, నీ ఒప్పుకోలు మా అందరికీ వచ్చింది" అంది పద్మజ. "నేనిప్పుడు గుంతలోనే ఉన్నా. గట్టిపొర దగ్గర ఆపినా. ఎనభై ఇండ్లక్కా ఇక్కడ. వేలు పెట్టమని అడుగుతా ఉంది. ఏం చేసేది?"

నాగరత్న పలుకుల మన్ను అంటిన చేత్తోనే ఫోన్ చెవికి దగ్గరగా పట్టుకుంది.

"గడ్డపార ఉందా నీ దగ్గర?" అంది.