కారుతూనే ఉండాల్సిన కొళాయి

ఫోటోలో ఆ హాస్టలుకు తెల్లటి గోడలు, కిటికీ నిండా ఎండ. తీరా వచ్చి చూస్తే అది నేలమాళిగ. మెట్లు దిగి పోవాలి. కిటికీ ఉంది గానీ వీధి మట్టానికి ఉంది. అందులోంచి దారిన పోయేవాళ్ళ బూట్లు తప్ప ఏమీ కనపడవు. గదిలో ఒకదాని మీద ఒకటిగా ఇనుప మంచాలు, మూలన ముఖం కడుక్కునే తొట్టి, తడిసి ఆరని కంబళి వాసన.

"ఇదేనా పాపా, వాళ్ళు చూపిచ్చిన ఫోటో?" అన్నాడు తిమ్మయ్య.

"ఇదే నాయనా. దీపాలేసి తీసింటారు."

"పెండ్లి సంబంధాలోళ్ళ మాదిరి ఉండారే వీళ్ళు!"

హర్షిణి నవ్వింది. తమ ఊరు కోడుమూరులో బస్సెక్కిన తర్వాత కూతురు నవ్వడం అదే మొదలు. జార్జియా దేశంలో, తిబిలిసి నగరంలో ఆమెకు డాక్టరు చదువుకు సీటు వచ్చింది. వాళ్ళ ఇంట్లోనే కాదు, వాళ్ళ వీధిలోనే ఆ చదువుకు పోయిన మొదటి మనిషి ఆమే. కాలేజీ వాళ్ళు గది మరుసటి రోజు గానీ ఇవ్వరు కాబట్టి ఈ ఒక్క రాత్రికి ఈ హాస్టలు. రేపు బిడ్డను కాలేజీ గదిలో క్షేమంగా చేర్చి, సాయంత్రానికి తిమ్మయ్య విమానం ఎక్కాలి. "పాపను యాడా ఒంటిగా ఇడ్సిపెట్టొద్దు" అని భార్య లక్ష్మీదేవమ్మ మరీమరీ చెప్పి పంపింది.

హాస్టలు చూసుకునే ముసలామె దుప్పట్లు తెచ్చి, తొట్టి వైపు వేలు చూపించి ఏదో చెప్పింది. కొళాయి దారంలా సన్నగా కారుతోంది. హర్షిణి ఫోను ఆమె నోటి దగ్గర పట్టి, తెర మీద పడిన తెలుగు చదివింది.

"కొళాయి కట్టేయొద్దంట నాయనా. కారతానే ఉండల్లంట."

"ఏంటికంట?"

"చలికి పైపుల్లో నీళ్ళు గడ్డ కడతాయేమోలే."

ముసలామె ఇంకేదో చెప్పబోయింది. హర్షిణి ముఖం కాసేపు చూసి, ఆగిపోయి, మెట్లెక్కి వెళ్ళింది.

అక్కడ చలికాలం సాయంత్రం ఆరుకే చీకటి. ప్రయాణపు అలసటతో హర్షిణి కింది మంచం మీద ఒరిగి, అట్లే నిద్రపోయింది. తిమ్మయ్య ఎదురుగా కూర్చున్నాడు. గదిలో వేరే ఎవరూ లేరు. ఒకటే చప్పుడు... నీళ్ళు.

ఆ చప్పుడు అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. అతని వీధిలో ట్యాంకరు వచ్చే రోజు పెండ్లి ఉన్నా ఎవరూ ఇల్లు కదలరు. బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, ముఖం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. ఇక్కడ మంచినీళ్ళు ఊరికే పోతున్నాయి. కళ్ళ ముందు ఎవరో వండిన అన్నం కాలవలో పారబోస్తున్నట్టుంది. లేచి, గోడ వెంట పోయే పైపు మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది. ఇందులో గడ్డ కట్టేదేముంది?

కొళాయి కట్టేశాడు.

చప్పుడు ఆగింది. వీధి చప్పుడు కూడా ఆగింది. కిటికీలో బూట్లు లేవు. మెల్లగా ఒక వాసన లేచింది. ఎండిన బావిలోకి పూడిక తీయడానికి దిగినప్పుడు అడుగున వచ్చే వాసన. పైనున్న బల్బు సన్నగిల్లి, ఆరిపోయింది.

హర్షిణి పడుకున్న మంచానికి పైనున్న మంచం కిర్రుమంది. ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు.

"నాయనా..."

హర్షిణి గొంతే.

"దప్పికైతాండాది నాయనా..."

వీధి దీపం వెలుతురులో కింది మంచం కనపడుతోంది. దుప్పటి, దుప్పటి బయట వేలాడే జడ. బిడ్డ నిద్రలోనే ఉంది. మాట పైనుంచి వచ్చింది.

తడుముకుంటూ కొళాయి తిప్పాడు. ఇంకా తిప్పాడు. బుస్సుమని గాలి. చుక్క లేదు.

"దప్పిక..."

దప్పిక అన్నవాళ్ళకు లేదనడం అతని ఇంట్లో ఎరగరు. ఎండన పడి వచ్చింది ఎవరని అడగక ముందే చెంబు అందుతుంది. తిమ్మయ్య చేతులు వాటంతటవే సంచిలో సీసా వెతికాయి, తొట్టి గట్టు మీది గ్లాసులో పోశాయి, పైమంచం వైపు ఎత్తాయి. గ్లాసు అంచు ఇనుములా చల్లబడింది. వేళ్ళు తగల్లేదు. ఊపిరి తగల్లేదు.

గ్లాసు తేలికైంది. అంతే.

కొళాయి కారడం మొదలైంది. దీపం వెలిగింది. పైమంచం ఖాళీ. పరుపు మీద ముడత కూడా లేదు. హర్షిణి కదలకుండా నిద్రపోతోంది. తెల్లారేదాకా తిమ్మయ్య ఆమె కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. కొత్త దేశం, కొత్త చదువు, పిల్ల బెదిరిపోతుందని ఆమెకు ఒక్క మాటా చెప్పలేదు.

మరునాడు అన్నీ సవ్యంగా జరిగాయి. కాలేజీ గది మంచిది, పక్క గదిలో తమ వైపు నందికొట్కూరు పిల్ల కూడా ఉంది. విమానాశ్రయం దాకా హర్షిణి సాగనంపడానికి వచ్చింది.

"నీళ్ళు తాగు పాపా. పొద్దున్నుంచి గుక్క తాగల్యా నువ్వు."

"వద్దు నాయనా. దప్పికే కాల్యా."

ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. తిమ్మయ్య సీసా మూత తీశాడు. అంతలో టికెట్టు చూసే మనిషి అతని చేతిలో కాగితం లాక్కుని, చూసి, లోపలికి తోశాడు. వెనక జనం. ఆగమని చెప్పడానికి తిమ్మయ్యకు ఆ భాషలో ఒక్క మాట రాదు. అడ్డంగా కట్టిన పట్టీ అవతల నుంచి హర్షిణి ముందుకు వంగి, ఏదో తమాషా గుర్తొచ్చినట్టు మెల్లగా అంది.

"రాత్రి నీళ్ళ గ్లాసు పైకెత్తి ఇచ్చినావు గదా నాయనా. పైనుంచి సూస్తే ఎంత చిన్నగా కనపడినావో!"