గోడ అవతలి గొంతు

పాలు పొంగేలోపు టీ ఇచ్చి రావచ్చని ఆమె రేడియో గదిలోకి వెళ్ళింది. భర్త ఎప్పటిలాగే, వినడమే కాక తిరిగి మాట్లాడడానికీ వీలున్న తన హామ్ రేడియో సెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతులు ఒళ్ళో. పొద్దున పూట ఆయన ఎవరితోనూ మాట్లాడడు, వింటాడంతే. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాక ఈ అలవాటు మరీ ముదిరింది.

"ఇంతకీ రోజూ ఎవరిని వింటున్నారండీ?"

ఆయన ఒక చెవి డిప్ప పక్కకి జరిపాడు. "ఎవరూ లేరు. అంతా గోల."

గ్లాసు బల్ల మీద పెట్టబోతే ఆమె కొంగు తగిలి హెడ్‌ఫోన్ల వైరు ఊడింది. గదంతా ఒక గొంతు నిండిపోయింది.

"...ఎవరైనా వింటున్నారా? వింటున్నవాళ్ళు జవాబివ్వండి."

అదే మాట, అదే క్షణంలో, కిటికీలోంచి కూడా సన్నగా వినిపించింది. గోడకి అటు పక్కనుంచి. అది ఆమె మరిది గొంతు.

ఒకప్పుడు ఆ అన్నదమ్ములు తమ రెండు డాబాల మీదా చెరో ఇనుప గొట్టం నిలబెట్టి, మధ్యన పొడవాటి రాగితీగ లాగారు. ఆ ఒక్క యాంటెన్నాతోనే ఇద్దరూ దేశదేశాలవాళ్ళని పలకరించేవారు. మూడేళ్ళ కిందట వానాకాలంలో పిడుగు ఆ తీగ వెంట తమ్ముడి గదిలోకి దిగింది. ఎర్త్ సరిగా లేకపోవడంతో భూమిలోకి పోవలసింది అతని కుడిచేతిలోకి వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ ఆసుపత్రి వరండాలో, బడిలో అతనితో పనిచేసే మాస్టర్లంతా చూస్తుండగా, అన్న నోరు పారేసుకున్నాడు. "ఎర్తు చూసుకోవడం కూడా చేతకాని వెధవ్వి, పిల్లలకి లెక్కలేం చెప్తావురా!"

తమ్ముడు ఇంటికి రాగానే తీగని సగానికి కోయించి, అన్న వాటా చుట్టచుట్టి గోడ మీద పెట్టించాడు. మళ్ళీ మాటల్లేవు. తోడికోడళ్ళు మాత్రం మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ మరిది ఊసెత్తితే చాలు, ఆయన లేచి వెళ్ళిపోయేవాడు.

"అంటే ఇన్నాళ్ళూ మీరు వింటున్నది తమ్ముణ్ణా?"

"వాడు నన్నేం పిలవట్లేదు. లోకాన్ని పిలుస్తున్నాడు."

"లోకంలో మీరు లేరా?"

ఆయన కిటికీలోంచి ఆకాశం చూసి, "మబ్బేస్తోంది. నా తీగ విప్పాలి" అంటూ సెట్టు వెనక కేబుల్ పీకేసి డాబా ఎక్కాడు. ఆరేసిన బట్టలు తియ్యడానికి ఆమె కూడా వెనకే వెళ్ళింది.

గాలి లేచింది. దూరంగా ఉరిమింది. పిట్టగోడ మీద చెయ్యి వేసి తమ్ముడి పెరట్లోకి చూసిన ఆయన అలాగే నిలబడిపోయాడు. అక్కడ గోడ వెంట దిగిన రాగిపట్టీ భూమిలోని కడ్డీకి అంటుకుని లేదు. రెంటినీ కలిపి పట్టి ఉంచే క్లాంపు తుప్పుపట్టి విరిగినట్టుంది. పట్టీ కొస గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

"నువ్వు పరిగెత్తు. ఎర్తు ఊడిందని చెప్పు. సెట్టు ముందునుంచి లెమ్మను!"

"మీ మరదలు పుట్టింటికి వెళ్ళింది. మీ తమ్ముడేమో లోపల గడియ పెట్టుకుని, చెవులకి ఆ డిప్పలు తగిలించుకుని కూర్చుంటాడు. నేను తలుపు విరగ్గొట్టినా వినపడదు" అంది ఆమె. "మీరు పిలిస్తే నేరుగా చెవిలోనే పడుతుంది. వెళ్ళండి."

ఆయన మెట్లు దిగిన తీరు చూసి ఎక్కడ పడిపోతాడోనని ఆమె వెనకే పరిగెత్తింది. కేబుల్ మళ్ళీ తగిలించి మైకు అందుకున్నాడు. మీట నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"చిన్నోడా."

అవతల పిలుపు ఆగిపోయింది.

"సెట్టు ఆపు. వైరు పీకి కిటికీలోంచి బయట పడెయ్. నీ ఎర్తు ఊడిపోయింది. లే రా, ముందు అక్కణ్ణుంచి లే! విన్నావా? విన్నానని చెప్పు!"

కాసేపు ఉత్త బుసబుస.

"విన్నాను."

అంతే. ఆయన తన వైరు కూడా పీకేసి కుర్చీలో కూలబడ్డాడు. పైన ఉరుము ఇల్లు అదిరేలా మోగింది.

ఉరుములు దాటిపోయి వాన తుంపరగా మారాక, ఆయన స్పానర్, గరుకు కాగితం, కొత్త ఇత్తడి క్లాంపు జేబులో వేసుకుని గొడుగైనా లేకుండా తమ్ముడి గేటు తీశాడు. ఆమె గోడ దగ్గరే ఆగిపోయింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఈసారి ఎవరి ముందు తిడతావు? ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరే."

ఆయన తల దించుకున్నాడు.

"చెయ్యి కాలితే ఎలా ఉందని ఒక్కసారి అడిగావా? నీ సెట్టు ఆన్ చేస్తే నా దాంట్లో గుర్రుమంటుంది అన్నయ్యా. నువ్వు వింటున్నావని రోజూ తెలుస్తూనే ఉంది. మరి నేను పొద్దున్నే గొంతు చించుకునేది ఎవరికోసం అనుకున్నావు?"

"భయమేసిందిరా" అన్నాడు ఆయన. "ఉలుకూపలుకూ లేకుండా పడున్నావు. పోయావనుకున్నాను. బతికావని తెలిశాక ఏడుపు రావాలి కదా. నాకు తిట్టే వచ్చింది."

తమ్ముడు గుమ్మం దిగాడు. తనే ముందు పెరట్లోకి దారితీశాడు.

తడి మట్టిలో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, గరుకు కాగితంతో కడ్డీని మెరిసేదాకా రుద్దాడు. తమ్ముడు పట్టీ కొస పట్టుకున్నాడు, ఎడమచేత్తో. కుడి అరచెయ్యి ముడతలుపడి ఉంది. రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆయన బోల్టు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయాడు.

"నొప్పెడుతుందా?"

"చలికాలంలో కొంచెం లాగుతుంది."

"మరి బోర్డు మీద ఎలా రాస్తున్నావు?"

"ఎడమచేత్తో. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్ళు."

స్పానర్ జారి బురదలో పడింది. గోడకి ఇవతల తను ఆ గొంతు ఒక్క రోజు కూడా తప్పకుండా వింటున్న ఆ ఏడాదంతా, గోడకి అవతల తమ్ముడు చిన్నపిల్లాడిలా అక్షరాలు దిద్దుకుంటున్నాడు. ఆయనకి తెలియలేదు, తెలుసుకోవాలనుకోలేదు. చేతుల మట్టి చూసుకోకుండా మొహం కప్పుకుని ఏడ్చాడు.

"లే అన్నయ్యా, తడుస్తున్నావు."

"చూపించరా. నీ రాత చూడాలి."

తమ్ముడు లోపలినుంచి సుద్దముక్క తెచ్చి, వరండా గచ్చు మీద వంగి మెల్లగా ఒక లెక్క వేశాడు. అన్న పక్కనే గొంతుక్కూర్చుని, బడిపిల్లాడిలా ఒక్కో అంకె మీదా కళ్ళు నిలిపి చూశాడు.

"ఏడు కాస్త వంకరగా ఉంది."

"అదిగో, మొదలెట్టావు!"

తమ్ముడు పకపకా నవ్వాడు. గోడ దగ్గర వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొయ్యి మీది పాలు ఎప్పుడో పొంగి మాడిపోయి ఉంటాయి. ఆమె కదల్లేదు.

"ఇంకోటి వెయ్యిరా" అంటున్నాడు ఆయన. "ఈసారి పెద్ద లెక్క వెయ్యి."